కండక్టరమ్మ చెప్పిన తప్పు తేదీ

ఆవిడ శాసనసభకు ఎన్నికై నాలుగున్నరేళ్లు దాటినా, వీధిలో ఎవరైనా "ఎమ్మెల్యే గారూ" అని పిలిస్తే వెనక్కి తిరిగేది కాదు. ఎవరినో పిలుస్తున్నారనుకుని తన దారిన తాను పోయేది. "కండక్టరమ్మా!" అంటే మాత్రం ఠక్కున ఆగేది. పంతొమ్మిదేళ్లు ఏడో నంబరు బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి మరి. ఇప్పటికీ బస్సెక్కితే దేన్నీ పట్టుకోదు. వెనక తలుపు పక్కన కడ్డీకి వీపు ఆనించి, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడుతుంది. బస్సు గుంతలో పడితే కూర్చున్నవాళ్లు ఎగిరిపడతారు గానీ ఆవిడ కదలదు.

ఆవిడ దగ్గర పనిచేసే పెద్ద గుమాస్తాకు ఈ నిలబడడం ఏళ్ల తరబడి తెలుసు. భూముల రికార్డుల ఆఫీసులో ఆయన ఉద్యోగం చేసిన ముప్పై నాలుగేళ్లలో సగానికి పైగా ఆ బస్సులోనే వెళ్లివచ్చాడు. ఓ రోజు సీటు దొరక్క ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పేపరు చదువుకుంటుంటే, ఆవిడ అందరి ముందూ కడిగేసింది. "ఏమండీ గుమాస్తా గారూ, మీరు కింద పడితే నేను రాయాల్సిన కాగితాలు మీ ఆఫీసులో కూడా ఉండవు. లోపలికి రండి." ఆయన కిక్కురుమనకుండా లోపలికి వచ్చాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ స్నేహం.

ఆయన రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో తోచక, వంటింట్లో డబ్బాలన్నిటికీ వరుస నంబర్లు వేసి, ఏ నంబరులో ఏముందో ఒక జాబితా రాసి గోడకు అంటించాడు. రెండేళ్లు ఓర్చుకున్నాక ఆయన భార్య నేరుగా కండక్టరమ్మ ఇంటికే వెళ్లింది. "అమ్మా, నువ్వు గెలిచావటగా. మా ఆయన్ని నీ ఆఫీసులో ఓ కుర్చీలో కూర్చోబెట్టు తల్లీ. నా వంటిల్లు నాకు వదిలేస్తే చాలు" అని మొరపెట్టుకుంది. అలా ఆయన శాసనసభ్యురాలి ఆఫీసుకు వచ్చిపడ్డాడు.

ఆఫీసంటే ఒకప్పటి సైకిలు రిపేరు కొట్టు. షట్టరు ఎత్తితే చాలు, లోపల ఏం జరుగుతోందో రోడ్డు మీదికి కనిపిస్తుంది. రెండు టేబుళ్లు, ఆరు కుర్చీలు, తిరిగినంతసేపూ గొణిగే ఫ్యాను. నేల మీద పాత గ్రీజు మరకలు ఎన్నిసార్లు కడిగినా పోలేదు. మూలన ఒక జిరాక్స్ మిషను ఉంది. ఎడమ పక్క అరచేత్తో ఒక్కటిస్తే తప్ప కాగితం మింగేస్తుంది. ఆ దెబ్బ ఎక్కడ, ఎంత గట్టిగా వెయ్యాలో గుమాస్తాకు తప్ప ఎవరికీ చేతకాదు. ఆ విషయంలో ఆయనకు కాస్త గర్వం కూడా.

ఆ మిషను మీదే ప్రతి మంగళవారం ఒక పసుపు కాగితం అచ్చయ్యేది. దానికి కండక్టరమ్మ పెట్టిన పేరు 'ముందు స్టాపు'. స్టాపు వచ్చాక పేరు అరిచే కండక్టర్లంటే ఆవిడకు ఒళ్లుమంట. "వచ్చాక చెబితే ఏం లాభం? సంచీ సర్దుకోవాలి, పిల్లని చంకనేసుకోవాలి, చెప్పులు వెతుక్కోవాలి. ముందే చెప్పాలి" అనేది. ప్రభుత్వం ఏం చెయ్యబోతోందో, ఏ దరఖాస్తుకు ఎప్పుడు గడువో, ఏ వీధిలో నీళ్ల గొట్టాలు ఎప్పుడు తవ్వుతారో, అదంతా జరగకముందే జనానికి తెలియాలని ఆవిడ పంతం.

కాగితంలో మూడు భాగాలుండేవి. 'అయింది', 'కాలేదు', 'నాకు తెలియదు'. మొదటి రెండింటికీ గుమాస్తా తలూపాడు. మూడోది చూసి కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టాడు. "ఇదేంటమ్మా, నాకు తెలియదని అచ్చేసుకునే ఎమ్మెల్యే ఎక్కడైనా ఉంటుందా? నవ్విపోతారు."

"బస్సు ఎందుకాగిందో తెలియనప్పుడు తెలీదనే చెప్పేదాన్నండీ. కుదురుగా కూర్చునేవాళ్లు. తెలిసినట్టు అబద్ధం చెప్పి, అది కాస్తా బయటపడితేనే మీదపడేవాళ్లు" అంది ఆవిడ.

బుధవారం పొద్దున్నే ఆ కాగితాలు పట్టుకుని ఇద్దరూ ఏడో నంబరు బస్సెక్కేవాళ్లు. డిపో నుంచి చివరి స్టాపు దాకా, అక్కణ్నుంచి మళ్లీ డిపో దాకా. ఆవిడ కడ్డీకి ఆనుకుని చదివి వినిపించేది, ఆయన పంచేవాడు. జనం ఎక్కేవాళ్లు, అడిగేవాళ్లు, దెబ్బలాడేవాళ్లు, దిగేవాళ్లు. శాసనసభ సమావేశాలున్న రోజుల్లో కూడా బుధవారం పొద్దుటి ట్రిప్పు ముగించుకునే రైలెక్కేది. గుమాస్తా తన సర్వీసులో చాలామంది పెద్దవాళ్లను చూశాడు. సంగతి తెలిసీ చెప్పనివాళ్లను, సగం చెప్పేవాళ్లను, అడిగితే విసుక్కునేవాళ్లను చూశాడు. అడగకుండానే వచ్చి చెప్పే మనిషిని మాత్రం ఈవిడనే చూశాడు. ఆ మాట ఇంట్లో భార్యతో రోజుకోసారైనా అనేవాడు.

ఆవిడ కండక్టరుగా ఉన్నప్పటి సంగతి ఒకటి ఊరంతా చెప్పుకుంటుంది. ఓసారి కుండపోతగా వాన. కిటికీల మీద పట్టాలు దించేశారు, అద్దాలకు ఆవిరి పట్టి బయట ఏమీ కనిపించడం లేదు. ఆవిడ ఒక స్టాపు ముందుగానే "మిల్లు గేటు, మిల్లు గేటు" అని అరిచింది. పదకొండు మంది దిగారు. బస్సు కొంత దూరం పోయాక పొరపాటు తెలిసింది. బెల్లు కొట్టి ఆపించింది. "వాళ్లే నడిచి వస్తార్లే" అన్నాడు డ్రైవరు. ఆవిడ గొడుగు తీసుకుని మోకాలి లోతు నీళ్లలో వెనక్కి నడిచి వెళ్లి, ఆ పదకొండు మందినీ లెక్కపెట్టి మరీ వెంటబెట్టుకొచ్చింది. అంతసేపూ బస్సు అక్కడే ఉంది. పై అధికారి సంజాయిషీ అడిగితే, "నా మాట మీద దిగారు. ఎక్కించుకోవాల్సింది నేనే కదండీ" అని రాసిచ్చిందట.

ఇప్పుడు అసలు కథకు వస్తాను.

బస్సు డిపో వెనక ఒక వీధి ఉంది. అరవై రెండు ఇళ్లు. ఆ వీధిని వెడల్పు చేసి పెద్ద రోడ్డులో కలపాలని ప్రభుత్వం నోటీసు ఇచ్చింది. అంటే ఒక్కో ఇంటి ముందువైపు ఆరడుగులు పోతాయి. ఆరడుగులంటే కొందరికి వసారా, కొందరికి కొట్టు. వీధి మొదట్లో బట్టలు కుట్టే ఆవిడకైతే కుట్టుమిషను ఉన్న గది మొత్తం. అందరూ ఆవిడను మిషనక్క అంటారు. పగలంతా తలుపు తీసిపెట్టి, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతూనే కుట్టేస్తుంది. ఆ గది పోతే ఆవిడ పని పోయినట్టే. అభ్యంతరం ఉన్నవాళ్లు ముప్పై రోజుల్లోగా రాసివ్వాలి, అలా ఇచ్చినవాళ్ల మాట మాత్రమే విచారణలో వింటామని నోటీసులో ఉంది.

'ముందు స్టాపు'లో ఆ వార్త అందరికన్నా ముందు వచ్చింది. తేదీ లెక్కగట్టింది గుమాస్తా. నోటీసు మూడో తేదీది. క్యాలెండరు ముందేసుకుని, పెన్సిలుతో అయిదు ఆదివారాలూ రెండు సెలవులూ కొట్టేసి, మిగిలిన రోజులు ముప్పై లెక్కపెట్టి, గడువు వచ్చే నెల పదో తేదీ అని వేశాడు. ముప్పై నాలుగేళ్లూ ఆయన ఆఫీసులో గడువులన్నీ అలాగే లెక్కగట్టారు. నిద్రలో లేపి అడిగినా అలాగే చెప్పేవాడు. ఆయన రిటైరయ్యాక చట్టం మారింది. నోటీసు అడుగున, గీత కింద, చీమ తలకాయంత అక్షరాల్లో 'సెలవు దినాలతో కలిపి' అని ఉంది. తనకు తెలిసిన లెక్కే కదా అని ఆయన అక్కడిదాకా చదవలేదు.

వీధివాళ్లు చదివినా సరిపోయేది. నోటీసు రోడ్డు పని చూసే అధికారి ఆఫీసు గోడ మీద నెలరోజులుగా ఉంది. కానీ కండక్టరమ్మ కాగితం చేతిలో ఉండగా గోడ దగ్గరకెవరు వెళతారు? పదో తేదీ అని ఆవిడ చెప్పిందంటే పదో తేదీయే. పదో తేదీ అంటే తొమ్మిదో తేదీ దాకా ఎవరూ కదలరు. అది లోకం తీరు, వాళ్లను అనడానికేం లేదు. తొందరపాటు మనుషులు ఓ తొమ్మిది మంది మాత్రం ముందే ఇచ్చేశారు.

మర్నెల ఆరో తేదీ పొద్దున మిషనక్క తన కాగితం పట్టుకుని వెళ్లింది. కౌంటరులో మనిషి దాన్ని తిప్పికూడా చూడకుండా వెనక్కి తోశాడు. "గడువు మూడో తేదీనే అయిపోయిందమ్మా." ఆవిడ పసుపు కాగితం తీసి చూపించింది. "ఇది మా నోటీసు కాదు" అన్నాడు అతను. అన్నది నిజమే.

పావుగంటలో మిషనక్క సైకిలు కొట్టు ఆఫీసులో ఉంది. ఆ సమయానికి గుమాస్తా ఒక్కడే ఉన్నాడు. ఆవిడ అరవలేదు. పసుపు కాగితాన్ని టేబులు మీద పెట్టి, తేదీ మీద వేలు ఆనించి, "ఇదెవరు వేశారు?" అని అడిగింది. ఆయన నోటీసు తీశాడు, కళ్లజోడు పెట్టుకున్నాడు, మొదటిసారిగా గీత కింద చదివాడు.

"నేనేనమ్మా" అన్నాడు.

కండక్టరమ్మ వచ్చేసరికి ఆయన రాజీనామా రాసి, మడతపెట్టి, ఆవిడ కుర్చీ ముందు ఉంచాడు. ఆవిడ దాన్ని చదివి, మళ్లీ ఆ మడతల మీదే మడిచి ఆయన జేబులో పెట్టింది. మొహం మాత్రం పాలిపోయింది.

"ఎంతమందండీ?"

"యాభై మూడు ఇళ్లు."

"పేర్లు రాయండి. దించేసింది మనం, ఎక్కించుకోవాల్సింది మనం. మీ రాజీనామా సంగతి తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం."

మధ్యాహ్నం కాకముందే ఫోను మోగింది. పార్టీలో ఒక పెద్దాయన, ఆవిడకు వరసకు బాబాయి కూడా. ఎన్నికలు నాలుగు నెలల్లో ఉన్నాయి. ఆయన గొంతు ఫోను లోంచి గుమాస్తాకు కూడా వినిపిస్తోంది.

"అమ్మాయ్, ఏం గాభరా పడకు. గడువు చాలలేదు, పొడిగించమని నువ్వు పోట్లాడుతున్నట్టు ఓ కాగితం వెయ్యి. జనం చప్పట్లు కొడతారు. తప్పూ గిప్పూ అని నోరు జారావో, అవతలివాళ్లు దాన్నే ఊరంతా తిప్పుతారు."

"గడువు చాలకపోవడమేంటి బాబాయ్? చాలినంత ఉంది. నేనే తప్పు చెప్పాను."

"నిజాలన్నీ బయటికి చెప్పాలని రూలేమైనా ఉందా?"

"ఆ కాగితం పెట్టిందే అందుకు కదా" అని ఆవిడ ఫోను పెట్టేసింది. పెట్టేశాక చేతులు చీరకు తుడుచుకోవడం గుమాస్తా చూశాడు. ఆవిడకు భయం లేదని ఊళ్లో అనుకుంటారు. భయం ఉంది, ఆ రోజు ఆయన కళ్లారా చూశాడు. ఆయనకు ఆవిడ మీద గౌరవం రెట్టింపయింది.

సాయంత్రం ఎండ తగ్గకముందే ఇద్దరూ ఆ వీధికి వెళ్లారు. ఆవిడ కుర్చీ వద్దంది. మిషనక్క కుట్టుగది గుమ్మంలో, పోబోయే ఆ ఆరడుగుల మీదే నిలబడి చెప్పింది. "పదో తేదీ అని చెప్పాను. అది తప్పు. మూడో తేదీ. మీరు నన్ను నమ్మి ఆగారు. దీన్ని సరిచేసే దారి ఉందో లేదో ఇవాళ్టికి నాకు తెలియదు. రేపు కనుక్కుని, ఉన్నా లేకపోయినా వచ్చి చెబుతాను."

జనం ఊరుకోలేదు. ఊరుకోవాలని ఎక్కడుంది? ఒకాయన, "పెద్ద పేరొచ్చిందిగా, ఇంక మమ్మల్ని ముంచేశావ్" అన్నాడు. ఒక ముసలావిడ ఏడ్చింది. మిషనక్క మాత్రం అందరూ ఆగేదాకా ఆగింది.

"కండక్టరమ్మా, నాకు చదువొచ్చు. ఆ గోడ మీది నోటీసు చదవగలను. నీ కాగితం వచ్చాక చదవడం మానేశాను. నీ మీద కన్నా నా మీద నాకు ఎక్కువ మండుతోంది" అంది.

ఈ మాట కండక్టరమ్మకు చురుక్కున తగిలింది. ఆఫీసు దగ్గరికొచ్చాక, "చూశారా గుమాస్తా గారూ, మనం చెబుతున్నాం కదా అని వాళ్లు చూసుకోవడం మానేశారు. ఇది నేను అనుకోలేదండీ" అంది.

మర్నాడు పొద్దున్నే అధికారి గదిలో ఉన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, రూలు పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చునే మనిషి. పేజీలు తిప్పి ఒక చోట వేలు పెట్టాడు. "జనం తప్పు లేకుండా ఆలస్యమైతే తీసుకోవచ్చు. కానీ ఎవరివల్ల ఆలస్యమైందో ఆ మనిషి సంతకంతో నాకు కాగితం కావాలి. అది రికార్డులో ఉండిపోతుంది, ఎవరడిగినా నకలు ఇవ్వాల్సి వస్తుంది." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "లెక్క వేసింది మీ గుమాస్తా అంటున్నారుగా. ఆయన సంతకం చాలు. మీ పేరెందుకు మధ్యలో?" అన్నాడు.

గుమాస్తా అప్పటికే పెన్ను తీశాడు. మనసులో ఎంత తేలికపడ్డాడో చెప్పలేం. "నేనే రాస్తానండీ. చేసింది నేను" అన్నాడు.

"మీరు లెక్కపెట్టారు. ఊరికి చెప్పింది నేను. వాళ్లు నా గొంతు విని ఆగారు, మీ పెన్సిలు చూసి కాదు" అంది కండక్టరమ్మ. ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ బల్ల మీదే రాసింది. 'డిపో వెనక వీధివారికి గడువు పదో తేదీ అని చెప్పింది నేను. అది తప్పు. వాళ్లు నా మాట నమ్మి ఆగారు. ఆలస్యం వాళ్లది కాదు, నాది.' కింద సంతకం, తేదీ. గుమాస్తా తన సర్వీసులో వేల కాగితాలు చూశాడు, సంజాయిషీలైతే లెక్కలేనన్ని. 'పని ఒత్తిడి వల్ల' అనో 'అనివార్య కారణాల వల్ల' అనో లేని సంజాయిషీ ఆయన చదవడం అదే మొదలు. అక్కడే ఆయనకు కళ్లు చెమర్చాయి. అద్దాలు తుడుచుకుంటున్నట్టు నటించాడు.

ఆ సాయంత్రానికి యాభై మూడు అభ్యంతరాలూ రికార్డులోకి ఎక్కాయి. ఆవిడ వాటిని ఒక్కొక్కటీ చేత్తో ముట్టుకుంటూ లెక్కపెట్టింది.

బాబాయి చెప్పినట్టే అయింది. నాలుగు రోజుల్లో అవతలి పార్టీవాళ్లు ఆ కాగితం నకలు సంపాదించి, తలుపంత పెద్దది చేయించి డిపో గోడ నిండా అంటించారు. 'తప్పు చెప్పానని తానే ఒప్పుకున్న ఎమ్మెల్యే' అని పైన ఎర్రటి అక్షరాలు. గుమాస్తా అది చూసి రోషంతో ఊగిపోయాడు. వయసు మరిచిపోయి ఒక మూల పట్టుకుని లాగబోయాడు.

"ఉండనివ్వండీ. మన మిషను మీద ఇంత పెద్ద అక్షరాలు రావు. పోనీలెండి, మనం చెప్పాల్సిందే కదా వాళ్లు చెప్పారు" అంది కండక్టరమ్మ. నవ్వింది కూడా. కానీ ఆ గోడ పక్క నుంచి నడిచినంత దూరం అడుగు వడిగా వేసింది.

ఆ వారం కాగితంలో వీధివాళ్లకు మరో గడువు ఉంది. విచారణకు ముందు ప్రతి ఇంటివాళ్లూ పదిహేను రోజుల్లోగా ఇంటి కొలతలు రాసివ్వాలి. కొత్త నోటీసు పదకొండో తేదీది. గుమాస్తా అధికారి ఆఫీసు గోడ దగ్గరకు వెళ్లి, గీత పైన, గీత కింద, అంచుల్లో, వెనకవైపు ఏమైనా ఉందేమోనని తొంగిచూసి, చదివాడు. ఇరవై ఆరో తేదీ అని రాశాడు. ఇంటికి వెళ్లి భార్యతో లెక్కపెట్టించాడు. "ఇరవై ఆరే. ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను. ఇంక అన్నం తినండి" అంది ఆవిడ. కాగితం అడుగున కండక్టరమ్మ తన చేత్తో ఒక వాక్యం కలిపింది. 'మేము చెప్పినా సరే, నోటీసు మీరూ ఒకసారి చూడండి.'

బుధవారం పొద్దున ఏడో నంబరు బస్సెక్కుతూ గుమాస్తా చేతిలోని కట్ట వైపు చూసుకున్నాడు. ఈ కాగితం ఇంకెవరైనా తీసుకుంటారా? తీసుకున్నా నమ్ముతారా? నాలుగున్నరేళ్లు ఆ మనిషి నిలబడి నిలబడి సంపాదించుకున్న నమ్మకం తన పెన్సిలు గీతతో పోయిందన్న దిగులు ఆయన్ను తినేస్తోంది. డిపో గోడ మీద ఆ పోస్టరు అలాగే ఉంది. ఆవిడ దాని ముందు నుంచే వచ్చి ఎక్కి, కడ్డీకి వీపు ఆనించి, మామూలు గొంతుతో మొదలుపెట్టింది. బస్సులో ఎవరూ ఏమీ అడగలేదు.

రెండో స్టాపులో మిషనక్క ఎక్కింది. చంకలో కుట్టాల్సిన బట్టల మూట, మెడలో కొలత టేపు. గుమాస్తా చేతిలోంచి పసుపు కాగితం తీసుకుంది. పైనుంచి కిందిదాకా నిదానంగా చదివింది. తేదీ దగ్గర ఆగింది. తలెత్తి అందరికీ వినిపించేట్టు అడిగింది.

"గుమాస్తా గారూ, ఈ ఇరవై ఆరో తేదీ ఆదివారాలు కలిపా, తీసేసా?"

బస్సంతా గొల్లుమంది. ఆయన మొహం కందగడ్డయింది. అయినా గొంతు సవరించుకుని, నిటారుగా నిలబడి జవాబిచ్చాడు. "కలిపేనమ్మా. గీత కింద కూడా చదివాను."

"మేమూ చదివాం. నిన్న మా వీధంతా ఆ నోటీసు గోడ దగ్గరే ఉంది. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాం. ఇరవై ఆరే, సరిపోయింది" అంది మిషనక్క. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మూటలో దోపుకుంది. తర్వాత కండక్టరమ్మ వైపు ఒకసారి చూసి, ఆయన ముందు చెయ్యి చాపింది.

"ఇంకో అరవై ఒకటి ఇవ్వండి. మా వీధికి నేను పంచుతాను."